మా గునుగు బీడు

కలుపు మొక్క కోసం ఏడ్చిన మనిషిని మీరు చూసి ఉండరు. నేను ఏడ్చాను. చాటుగా కూడా కాదు. జనగామ నుంచి లింగాల ఘనపూర్ పోయే తోవలో, పట్టపగలు, గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆటోవాళ్ళు బండి ఆపి "ఏమైందవ్వా, ఎవలన్న పోయిండ్రా?" అని అడిగారు. అవ్వా అన్నందుకు మామూలు రోజైతే వాళ్ళకు నాలుగు వడ్డించి పంపేదాన్ని. ఆ రోజు ఇంకా గట్టిగా ఏడ్చాను.

గునుగు అంటే తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మోకాలెత్తు మొక్క. కొసన తెల్లగా, కాస్త గులాబీ రంగు కలిసి, కంకిలాంటి పువ్వు. వానాకాలంలో ఎవరూ పిలవకుండానే చేలల్లో మొలుస్తుంది. పత్తిలో మొలిస్తే కలుపు, మక్కలో మొలిస్తే కలుపు. ఆడవాళ్ళు కూలికి పోయి సాలు వెంట సాలు పీకి గట్టున పడేస్తారు. పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, వచ్చేసరికి అదే ఆడవాళ్ళు, గునుగెక్కడుంది, తంగేడెక్కడుంది అని ఊరంతా వెతుక్కుంటారు. ఆ రెండూ లేకుండా బతుకమ్మ పేర్చడం మా వైపు ఎవరికీ మనసొప్పదు. బంతి, చామంతి ఎన్ని తెచ్చినా అవి చుట్టాల్లాంటివి. ఇంటివాళ్ళు గునుగూ తంగేడే.

నాకు జనగామలో మ్యాచింగ్ సెంటర్ ఉండేది. జాకెట్ ముక్కలు, ఫాల్సు, లంగా గుడ్డలు. బతుకమ్మ ముందు ఆ కొట్టులో నిలబడే సందుండేది కాదు. చీరకు జాకెట్ రంగు కలవలేదని నాతో కొట్లాడటానికి వచ్చిన ఆడవాళ్ళు, ఆ కొట్లాట అయ్యాక పూలు దొరకలేదని ఏడ్చేవాళ్ళు. ఊరి చుట్టూ బీళ్ళన్నీ వెంచర్లయ్యాయి. చేలన్నీ పత్తి అయ్యాయి. పత్తిలో కూలీలు దొరకక అందరూ గడ్డి మందు కొట్టడం మొదలుపెట్టారు. ఇక గునుగు ఎక్కడ మొలుస్తుంది? అంగట్లో వాడిపోయిన కట్టలు కొనుక్కుని, రంగులద్ది, అవే పేర్చుకునేవాళ్ళు. వింటూ వింటూ నాకే చిరాకు పుట్టింది. మనం ఒక బీడును బీడుగా ఉంచుకోలేమా అని అడిగాను. అడగడమే తప్పయింది. అయితే నువ్వే చూడు అన్నారు.

అలా పుట్టింది మా ట్రస్టు. ట్రస్టు అంటే ఏదో పెద్దది అనుకునేరు. రిటైరైన సార్లు ఒకరిద్దరు, ట్రాలీ ఆటోలో కూరగాయలమ్మే తమ్ముడు ఒకడు, మహిళా సంఘం ఆడవాళ్ళు కొందరు, నేను, నా బలవంతం మీద మా ఆయన. భూమి మా బావగారిది. మా ఆయనకు పెద్దన్న. ఊళ్ళో పెద్ద రైతు, ఒకప్పుడు సర్పంచిగా చేసినవాడు, తెల్ల బట్టలు తప్ప కట్టడు. లింగాల ఘనపూర్ తోవలో గుట్ట కింద ఆయనకు నాలుగెకరాల రాళ్ళ బీడు ఉంది. దున్నితే నాగలి విరుగుతుంది, వదిలేస్తే తంగేడు మొలుస్తుంది. "పనికిరాని భూమేనమ్మా, సూసుకోండ్రి" అన్నాడు. రాతకోతలేవీ లేవు. నోటిమాటే.

ఆ నోటిమాట మీద మేము ఎన్నో ఏళ్ళు పని చేశాం. వానాకాలం మేకలు పడకుండా చుట్టూ ముళ్ళకంప వేశాం. వాలులో నీళ్ళు నిలవడానికి చిన్న చిన్న కందకాలు తవ్వాం. విత్తనం ఎండి రాలేదాకా ఒక్క కంకి కూడా కోయకుండా ఒక పక్క వదిలేసేవాళ్ళం. నెలకో ఆదివారం పొద్దున బడి పిల్లలను తీసుకుపోయి గుట్ట చుట్టూ నడిపించి, ఏ పిట్ట ఏదో, ఏ ఆకు ఏదో రిటైరైన సార్లతో చెప్పించేవాళ్ళం. కార్తీకంలో వనభోజనాలు పెట్టేవాళ్ళం. ఆ వనభోజనాల దగ్గర ప్రతి ఏడూ ఒకటే పంచాయితీ. మటన్ లేకుండా దావతేంది అని మగవాళ్ళు, చెట్ల కింద బొక్కలు పడేస్తే ఊరకుక్కలన్నీ ఇక్కడే కాపురం పెడతాయని నేను. చివరికి పప్పు, పచ్చిపులుసు తిని, నన్ను తిట్టుకుంటూ పోయేవాళ్ళు. మళ్ళీ ఏడాది మళ్ళీ వచ్చేవాళ్ళు.

అన్నిటికంటే పెద్దది పూలకు పోయే రోజు. పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, తెల్లవారుతూనే ముళ్ళకంప పక్కకు జరిపి అందరినీ లోపలికి వదిలేవాళ్ళం. ఎవరికి కావలసినన్ని పూలు వాళ్ళు కోసుకుని, పోయే ముందు గట్టు పక్కన రెండు చప్పట్లు కొట్టి ఆడి పోయేవాళ్ళు. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆ ఆటే కనిపించేది.

తర్వాత ఆన్‌లైన్లో కుట్టిన జాకెట్లే రావడం మొదలయ్యాక నా కొట్టు మూతపడింది. దుఃఖం మాట చెప్పొద్దు. పొద్దున లేచి తాళంచెవులు పట్టుకుని పోయే అలవాటున్న మనిషికి, ఇంట్లో కూర్చుని టీవీ చూడమంటే పిచ్చెక్కుతుంది. ఆ రోజుల్లో నేను నిలబడగలిగానంటే ఆ బీడు వల్లే. పొద్దునే బస్సెక్కి పోయేదాన్ని. కంప సరిచేయడమో, విత్తనం రాల్చడమో, ఏమీ లేకపోతే ఊరికే తిరిగి రావడమో. అది పోతే నాకు ఇంకెక్కడికీ పోయే చోటు లేదు. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

ఆ తోవలో రోడ్డు వెడల్పు చేశారు. అంతే, రాళ్ళ బీడుకు రెక్కలొచ్చాయి. బావగారి అల్లుళ్ళిద్దరూ భూముల వ్యాపారంలో ఉన్నారు. ప్లాట్లు చేద్దామని ఆయన్ని సతాయించడం మొదలుపెట్టారు. ఆషాఢంలో ఒకరోజు బావగారు నన్ను పిలిపించాడు.

"అమ్మా, పిల్లలు ఒకటే అడుగుతున్నరు. నేను నిన్నూ కాదనలే, ఆల్లనూ కాదనలే. ఒకటి సూస్త. ఈసారి బతుకమ్మకు ఆడికి ఎంతమంది వస్తరో సూస్త. ఊరికి అక్కరకొస్తే ఉంచుత. మీ పది మంది సోకు కోసమే అయితే నేనెందుకు ఉంచాలె?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. "వస్తరు బావా, వందల మంది వస్తరు, సూడు" అన్నాను. అన్నానే గాని ఇంటికొచ్చాక అంతమందిని ఎక్కడి నుంచి తేవాలో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

ఆ వానాకాలం మేము పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. జనగామలో ఏ సంఘాన్నీ వదల్లేదు. నా పాత గిరాకీలందరికీ ఫోన్లు చేశాను. ఒకామెకైతే ఎప్పుడో జాకెట్ రంగు దగ్గర జరిగిన గొడవకు క్షమాపణ కూడా చెప్పాను, తప్పు ఆమెదే అయినా. వానలు కూడా మంచిగా పడ్డాయి. బీడు అంత నిండుగా నేను ఎన్నడూ చూడలేదు. వాలంతా తంగేడు పచ్చగా, సందుల్లో గునుగు కంకులు తీసి నిలబడింది. పండగ ముందు నాకు జ్వరం పట్టుకుని మంచం దిగలేకపోయినా నిశ్చింతగా ఉన్నాను. పూలు ఉన్నాయి, జనం వస్తామన్నారు. ఇంకేం కావాలి?

జ్వరం తగ్గాక బస్సు దిగి చూశాను. బీడు రంగు మారింది.

ముందు ఎండ వల్ల అలా కనిపిస్తుందేమో అనుకున్నాను. దగ్గరికి పోతే గునుగు మొత్తం పసుపు తిరిగి తలలు వాల్చేసింది. తంగేడు ఆకులు ముడుచుకుని, పూలు నేల మీద రాలి ఉన్నాయి. రోడ్డు నుంచి గుట్ట దాకా ఎక్కడా వదల్లేదు. అడ్డంగా, నిలువుగా, ఒక పద్ధతి ప్రకారం కొట్టారు. గడ్డి మందు కొట్టిన నేలను నేను పత్తి చేలల్లో ఎన్నిసార్లు చూడలేదు? చూసిన మరుక్షణమే తెలిసిపోయింది. అయినా మొక్క మొక్కకూ వంగి చూశాను. ఒక్కటన్నా మిగిలి ఉంటుందని, ఎక్కడో ఒక సందు వదిలేసి ఉంటారని. తర్వాత గట్టు మీద కూలబడ్డాను. ఆ ఏడుపు సంగతే మొదట్లో చెప్పింది.

ఎవరు చేశారో నేను ఆలోచించాల్సిన పని కూడా లేదనుకున్నాను. అల్లుళ్ళే. పూలు లేకపోతే జనం రారు, జనం రాకపోతే బావగారు వాళ్ళ మాట వింటాడు. ఎంత తెలివి! వాళ్ళ పెళ్ళిళ్ళకు నేనే దగ్గరుండి జాకెట్లన్నీ కుట్టించి పెట్టాను. ఆ రాత్రి మా ఆయన "అన్నను అడుగుదాం" అంటే, "అడిగితే మనకు పూలు మొలుస్తాయా?" అని మీద పడ్డాను. పూలకు పోయే రోజు మానేద్దామన్నాడు. మానేస్తే జనం రాలేదనే లెక్క. వందల ఫోన్లలోకి కబురు పోయాక ఇప్పుడెలా ఆపడం? ఆపితే భూమి పోతుంది. ఆపకపోతే నా పరువు పోతుంది. పరువు పోతే పోయింది, భూమి పోకూడదనుకున్నాను.

తెల్లారి కూరగాయల తమ్ముణ్ణి ట్రాలీ తీసుకురమ్మన్నాను. "యాడికక్కా?" అన్నాడు. "పూలు యాడుంటే ఆడికి" అన్నాను. పూలు తెచ్చి ఏం చేస్తానో అప్పటికి నాకే స్పష్టంగా తెలియదు. చేతులు ముడుచుకుని కూర్చోవడం మాత్రం నా వల్ల కాలేదు.

లింగాల ఘనపూర్ చుట్టూ తిరిగాం. ఎటు చూసినా పత్తి, దాని కింద నున్నటి ఎర్రనేల. చిల్పూర్ గుట్ట కింద కొంచెం తంగేడు కనిపించింది గాని అప్పటికే అంగడికి కోసుకుపోయారు, మోళ్ళు మిగిలాయి. అటునుంచి మానుకోట వైపు పోయాం. మహబూబాబాద్ అని బోర్డులు రాసుకోవాల్సిందే గాని మేము మానుకోటే అంటాం. అక్కడ ఒక తండాలో, గుట్ట మీద నుంచి తంగేడు మోపు దించుకుంటున్న ఒక పెద్దామె దొరికింది. ఆ పూలు అంగట్లో అమ్మడానికి. నా అవస్థ చెబితే నడుము మీద చెయ్యి పెట్టుకుని విన్నది. పక్కనున్న కోడలికి తమ భాషలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు.

"ఏమంటుందమ్మా?" అన్నాను, కొంచెం కోపంగానే.

"మీ పటేళ్లకు నాలుగెకరాలల్ల పువ్వు మొలవకపోతే మా తండాకొచ్చినవా అంటున్న అక్కా" అన్నది ఆమె. నవ్వుతూనే, కట్టిన మోపులో సగం విప్పి ట్రాలీలో వేసింది. "తీస్కపో. పండగ మీదే గాదు. మా పిల్లలు గుడ ఆడతరు."

మరునాడు భూపాలపల్లి వైపు పోయాం. మొగుళ్లపల్లి దగ్గర మా చెల్లెలి ఊరు. చెల్లెలి చేను కూడా మందు కొట్టిన చేనే. కానీ దాని ఇంటి వెనక పాత పశువుల కొట్టం కూలిన జాగాలో గునుగు దట్టంగా మొలిచి ఉంది. నేను దాని మీద పడి కోస్తుంటే చెల్లెలు చూస్తూ నిలబడింది. "అక్కా, నీకు జరం తగ్గలేదా?" అన్నది. నేను తలెత్తలేదు. "గిట్ల పరేషానైతే సస్తవు. భూమి పోతే పోనియ్యే" అన్నది. అంత ప్రేమగా అన్న మాటకు కూడా నాకు దాన్ని కొట్టాలనిపించింది. ట్రాలీ సగం కూడా నిండలేదు. తడి గోనెసంచులు కప్పి, తోవ పొడుగునా ఆపి ఆపి నీళ్ళు చల్లుతూ తెచ్చాం. గునుగు పర్వాలేదు, కోసినా నిలుస్తుంది. తంగేడు మాత్రం జనగామ చేరేసరికే ఆకు ముడిచింది.

సద్దుల నాడు ఇంకా వెలుతురు సరిగా రాకముందే మా ఆయన, నేను, కూరగాయల తమ్ముడు బీడుకు పోయాం. అప్పటికి ఏం చేయాలో నిశ్చయించుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను. తెచ్చిన గునుగు కాడలను చచ్చిన మొక్కల మధ్య నేలలో గుచ్చడం మొదలుపెట్టాను. రోడ్డు పక్కన, గట్టు దగ్గర, దూరం నుంచి చూస్తే తెల్లగా కనిపించేట్టు. బావగారు కారు దిగి చూసేసరికి పూలు కనిపించాలి, జనం కనిపించాలి. తర్వాత సంగతి తర్వాత. నేల గట్టిగా ఉంది. ఇనుప చువ్వతో రంధ్రం చేయడం, కాడ దించడం, మట్టి నొక్కడం. మా ఆయన నాటేసే కూలీలాగా వంగి, "నువ్వు మనిషివి గాదే" అంటూనే గుచ్చాడు. వేళ్ళు పుండ్లయ్యాయి. గుచ్చిన కాడ ఒకటి నిలబడితే ఇంకొకటి పక్కకు వాలేది. ఎంత గుచ్చినా ఆ ఎండిన పసుపు ముందు నా తెలుపు కనిపించడమే లేదు.

అప్పుడే బావగారి కారు వచ్చింది. అనుకున్న దానికంటే చాలా ముందు వచ్చాడు. ఇస్త్రీ తెల్ల బట్టలు, భుజం మీద కొత్త కండువా. పక్కన మా అక్క, అంటే ఆయన భార్య, పట్టుచీరలో. నేను మోకాళ్ళ మీద ఉన్నాను, చేతిలో గునుగు కాడ.

"ఏం జేస్తున్నవమ్మా?" అన్నాడు.

ఇక నాకు దాచే ఓపిక లేకపోయింది. లేచి నిలబడి అరిచాను. "నీ అల్లుండ్లు జేసిన పని సూడు బావా! మందు కొట్టిచ్చి మొత్తం సంపిండ్రు. ప్లాట్లే గావాలంటే మొఖం మీద చెప్పొచ్చు గద! దొంగతనంగ గిదేం పని?"

ఆయన నన్నూ నేలనూ మార్చి మార్చి చూశాడు. నిజంగానే అర్థం కాని ముఖం పెట్టాడు.

"అల్లుండ్లెందుకు కొట్టిస్తరమ్మా? నేనే కొట్టిచ్చిన."

నేను విన్నది సరిగా విన్నానా అని మా అక్క వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"మందిని పిలిస్తివి గద," అన్నాడు బావగారు. "నాలుగూర్ల ఆడబిడ్డలు నా భూమిల కాలు వెడ్తరు. ఆల్లకు మోకాలెత్తు కలుపు జూపియ్యాల్నా? పాము పుట్ర ఉంటది. ఆటాడితే ముండ్లు గుచ్చుకుంటయి. అగో, గా పటేలుకు కలుపు తీసేతందుకు గతి లేదా అనరా? మా నాయిన ఉన్నప్పటి సంది మా భూమిల గడ్డిపోస కనవడనియ్యలే. నీకు జరమొచ్చి పన్నవని, నేనే దగ్గరుండి కొట్టిచ్చిన. మంచిగ సాపు జేసిన."

"మరి పూలు, బావా? మంది వచ్చేదే పూలకు గద."

"పూలు ఆల్లు తెచ్చుకుంటరు గద. గునుగేమన్న దొరకని పువ్వా? ఏ చేన్ల జూసినా ఉంటది" అన్నాడు. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గింది. చుట్టూ ఉన్న చేలు చూశాడు. అన్నీ పత్తి.

ఇన్నేళ్ళూ మేము చేసిందంతా ఆయన రోడ్డు మీద నుంచే చూశాడు. ఆడవాళ్ళు గుండ్రంగా తిరిగి ఆడటం చూశాడు. వాళ్ళు ఆటకు వస్తారనుకున్నాడు. ఆటకు కావలసింది శుభ్రమైన జాగా. తన ఇంటికి చుట్టాలొస్తుంటే వాకిలి ఊడ్పించి సానుపు చల్లించినట్టు, తన భూమిని ఊడ్పించాడు. ఇందులో ఏ దొంగతనమూ లేదు. దొంగతనమైతే నాకు కోపగించుకునే దారి ఉండేది.

మా అక్క నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. మెల్లగా చెప్పింది. "నాలుగూర్ల మంది వస్తమంటున్నరని ఇని, నిన్న వకీలు తానికి పోయొచ్చిండే. ట్రస్టుకే రాయిస్తుండు. అల్లుండ్లు అలిగి పోయిండ్రు గుడ. నీకు ముందుగాల చెప్పొద్దన్నడు. మందిల చెప్పాలెనట." నేను ఎన్ని నెలలుగా ఆ మాట కోసం ఎదురుచూశానో దేవుడికి తెలుసు. ఆ మాట ఇప్పుడు, చచ్చిన బీడు ముందు విన్నాను. పోయి కంప దగ్గర నిలబడ్డాను.

జనం వచ్చారు. నేను చెప్పినట్టే వందల మంది వచ్చారు. ట్రాక్టర్లలో, ఆటోలలో, నడిచి. గంపలు, తాంబాలాలు పట్టుకుని, పట్టుచీరలు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చారు. లోపలికి పోకుండా నేను తాడు కట్టించాను. మందు కొట్టిన మొక్కలు ముట్టుకోవద్దని, పిల్లలను గట్టు దాటనివ్వొద్దని ఒక్కొక్కరికీ చెప్పాను. ఎవరు కొట్టారని వాళ్ళు అడిగితే, తాడు సరిచేస్తూ పక్కవాళ్ళ దగ్గరికి పోయాను.

బావగారు మైకు పట్టుకున్నాడు. ఆయనకు మైకు అలవాటే. ఈ నాలుగెకరాలు ఇకమీద ఆడబిడ్డల బతుకమ్మ కోసమని, ఎవరూ అమ్మడానికి లేదని, రాసిస్తున్నానని చెప్పాడు. చప్పట్లు కొట్టాల్సిన చోట ఆగాడు. ఎవరూ కొట్టలేదు. వాళ్ళకు మాట అర్థం కాక కాదు. ఖాళీ గంపలతో చచ్చిన బీడు ముందు నిలబడ్డారు.

ముందు వరసలో ఒక ముసలామె తాడు మీద రెండు చేతులూ ఆనించి అడిగింది. "పటేలా, నీ పున్నెముండ. భూమిచ్చినవు, బాగనే ఉన్నది. పువ్వులేవి బిడ్డా?"

మైకు ఆయన నోటి దగ్గరే ఉంది. ఆయన ఊపిరి అందులో గరగరమని వినిపించింది. తర్వాత అన్నాడు, "నేనే మందు కొట్టిచ్చిన." ఆ మాట గుట్టకు తగిలి వెనక్కు వచ్చింది. ఎవరో ఒకామె నవ్వబోయి ఆగిపోయింది.

ఆయన్ని ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. ఆడవాళ్ళు కొంచెంసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. నేను పొద్దున గుచ్చిన కాడలు కొందరికి కనిపించాయి. నేనే పోయి ఒక్కొక్కటీ లాగి తెచ్చి ఇచ్చాను. వేర్లు లేని కాడలను చూసి వాళ్ళకు సంగతి తెలిసిపోయింది. అయినా తీసుకున్నారు. ట్రాలీలో మిగిలినవి కూడా కలిపి తలా రెండు కాడలు పంచుకున్నారు. చివరన ఉన్నవాళ్ళకు అవీ అందలేదు. ఆ ఏడు వాళ్ళు అక్కడ ఆడలేదు. అంగట్లో పూలు దొరుకుతాయేమో చూడాలని తొందరగా ట్రాక్టర్లెక్కారు. మళ్ళీ ఏడాది రమ్మని పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు.

అందరూ పోయాక బావగారు గట్టు మీద కూర్చున్నాడు, ఆ ఇస్త్రీ బట్టలతోనే. మా అక్క కార్లోకి రమ్మంటే రాలేదు. నేను పోయి కొంచెం ఎడంగా కూర్చున్నాను. పొద్దున అరిచినందుకు ఏమన్నా అనాలనుకున్నాను. భూమి మాదైంది, ఇక ఎవరూ తీసుకోలేరు. దాని మీద పచ్చటి ఆకు ఒక్కటి లేదు. నేను ఇన్నేళ్ళు కోరుకున్నది ఇదేనా అనిపించి గుండె చెరువైంది.

"మల్ల మొలుస్తదా?" అని అడిగాడు.

"విత్తనం నేలల ఉంటే మొలుస్తదేమో. తెల్వదు బావా."

"తంగేడు?"

"వేరు బతికిందో సచ్చిందో వానలు వడితేగాని తెల్వదు."

ఆయన తల ఊపాడు. తన చిన్నప్పుడు వాళ్ళమ్మ కోసం పూలకు పోయేవాడినని చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు ఇంత దూరం రావాల్సిన అవసరం లేదట, ఇంటి వెనక చేన్లోనే గంప నిండేదట. వాళ్ళ నాయిన ఆ గునుగును తిట్టుకుంటూ పీకిస్తుంటే, పండగ దాకా ఆ మూల వదిలేయమని వాళ్ళమ్మ కొట్లాడేదట. చెబుతూ చెబుతూ గట్టు రాయి పక్కకు చెయ్యి ఆనించాడు. ఆయన మాట వింటూ నేను బీడు వైపే చూస్తున్నాను. మట్టి రాలిన చప్పుడుకు ఇటు తిరిగాను.

రాయి చాటున, మందు తగలని చోట, ఆలస్యంగా మొలిచిన గునుగు ఒకటి ఉన్నట్టుంది. వేలెడంత మొక్క, నాలుగాకులు. నాకు కనిపించలేదు. ఆయనకూ కనిపించి ఉండదు, ఆయన చేతికి కనిపించింది. మాట ఆపకుండానే, అటు చూడకుండానే, బొటనవేలితో మొదలు పట్టి లాగి, రాయికి రెండుసార్లు కొట్టి వేర్ల మట్టి దులిపాడు. వాళ్ళమ్మ సంగతి సగంలో ఉండగా చేతిలోకి చూసుకున్నాడు.

నేను ఆయన ముఖం చూశాను. ఆయనే కిందికి దిగి, ఆ తెల్ల ధోతితో మట్టిలో కూర్చుని, వేలితో గుంత తీశాడు. నేను మొక్కను నిలబెట్టి పట్టుకున్నాను. ఆయన మట్టి నొక్కి, కార్లోంచి నీళ్ళ సీసా తెచ్చి పోశాడు. ఆకులు అప్పటికే వాలాయి.

"పీకిన గునుగు నాటితే బతుకుతదా?" అని అడిగాడు.

నాకు తెలియదు. మా ఊళ్ళల్లో ఎవరికీ తెలియదు. దాన్ని ఇంతవరకు ఎవరూ నాటలేదు.